ఉత్తరపు మూల

ఫైర్ ట్రక్కుకి కొత్త టైర్లు ఈ ఏడాదే వేయాలా, ఇంకో చలికాలం లాగించవచ్చా అన్నది మొదటి అంశం, రెండోది మాది, సమాధుల తోట సంగతి, సమావేశం నడుపుతున్న డార్విన్ కళ్లజోడుని ముక్కు చివరికి దించుకుని టైర్ల ధరలు ఒక్కొక్కటే చదువుతున్నాడు, బడిలో కూడా వీడు ఇలాగే చదివేవాడు, ప్రతి మాట దగ్గరా కాసేపు ఆగి, అది తన సొంతం అయ్యాక తర్వాతి మాటకి వెళ్లేవాడు. ట్రక్కుని వానలో బయట పెట్టి, అది నిలబడే చోట మడత కుర్చీలు వేశారు. నా బూట్ల కింద సిమెంటు మీద నూనె మరక, దాని అంచుల్ని నా కళ్లు పదే పదే చుట్టి వస్తున్నాయి. వాన లేకపోతే వీళ్లంతా ఈ సాయంత్రం చేలల్లో మొక్కజొన్న విత్తుతూ ఉండేవాళ్లు, సమావేశానికి నలుగురు కూడా వచ్చేవాళ్లు కాదు. వాన పడింది, ముప్పై మంది వచ్చారు. ముప్పై మంది ముందు. తల ఎత్తితే ఎదురు గోడ మీద నేనే ఉన్నాను, వార్నిషు పూసిన చెక్క పలక మీది ఫొటోలో, గడ్డి కోసే యంత్రం మీద చెయ్యి వేసి నవ్వుతూ, కింద ఇత్తడి రేకు మీద నా పేరు, దాని కింద ‘మన తొలి తరానికి కాపలాదారు’. ఆ పలక ఇచ్చిన రోజున మార్లిస్ ఇంకా బతికే ఉంది, దాన్ని మన ముందుగదిలో పెట్టుకుందామా అని నేను అడిగితే, వద్దులే, ఫైర్ స్టేషన్‌లోనే ఉండనీ అంది. వినయం అనుకున్నాను. నా భార్య వినయం గురించి నేను ఎన్ని తప్పులు అనుకున్నానో.

పక్క కుర్చీలో రాడ్ హేయెన్ మోకాలు ఊపుతున్నాడు. నలభై ఏళ్ల వాడు, మంచివాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఈ గంట సులువుగా గడిచేది. వాడి చేను మధ్యలో ఉంది హార్మ్స్ వాళ్ల పాత సమాధుల తోట, అరెకరం కూడా ఉండదు, ఈ గడ్డినేలల్లోకి మొట్టమొదట బళ్లు కట్టుకుని వచ్చినవాళ్లు ఉన్నారు అందులో, వాళ్ల చర్చి ఎప్పుడో ఊడదీసి తీసుకుపోయారు, వాళ్ల మనవల మనవలు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. దిక్కులేని తోటల్ని చూసుకోవాల్సింది మా టౌన్‌షిప్ అని చట్టంలో ఉంది, చేతిలో డబ్బు ఉండాలని మాత్రం లేదు, వచ్చే కాస్త పన్నూ మంటలార్పడానికే చాలదు. పడిపోయిన సమాధి రాళ్లు పదకొండు అలా వెల్లకిలా పడే ఉన్నాయి. తీగ కంచె తుప్పు పట్టి చేతికి పొడిలా రాలుతుంది. నలభై రెండేళ్లుగా గడ్డి నేనే కోస్తున్నాను, మొదట్లో కూలికి, తర్వాత ఊరికే, ఈ ఏడాది నా మోకాళ్లు ఇక కుదరదన్నాయి. అందుకే రాడ్ ఒక మాట తెచ్చాడు. కొత్త కంచె తనే వేయిస్తాడు, పదకొండు రాళ్లనీ పనివాణ్ని పిలిపించి నిలబెట్టిస్తాడు, పదేళ్లు గడ్డి కోయిస్తాడు, బదులుగా కంచె తిన్నగా వేసుకోనివ్వాలి, అంతే. తోట ఉత్తరపు మూల ముక్కులా వాడి చేలోకి పొడుచుకు వచ్చి ఉంది, విత్తే యంత్రం ఆ ముక్కు దగ్గర ప్రతిసారీ వెనక్కి తిరగాలి. ఆ మూలలో ఒక్క రాయి కూడా లేదు. అది ఖాళీ. వచ్చే వసంతానికి అందులో నాగలి దిగుతుంది, ఎవరికీ నష్టం లేదు, అందరూ ఒప్పుకుంటారు, నేను నోరు మూసుకుని ఉంటే చాలు.

నోరు మూసుకోవడం నాకు అలవాటే. కాఫీ కప్పు చేతిలో చల్లారిపోయింది, పైన పాలపొరలాంటిది తేలింది, తాగాలనిపించడం లేదు. బల్ల చివర కొరిన్ రాస్తోంది. టౌన్‌షిప్ గుమస్తా పని ఆమెదే, రిటైరైన టీచరు, మా అమ్మాయికి మూడో తరగతి చెప్పింది, ఇప్పటికీ తప్పు దొరికితే వేలితో బల్ల మీద రెండుసార్లు కొడుతుంది. ఆమె పుస్తకం పక్కన ఇంకో పుస్తకం ఉంది, గోధుమరంగు అట్ట, మూలలు ఎలుకలు కొరికినట్టు. ఊడదీసిన ఆ చర్చి లెక్కల పుస్తకమట, పక్క జిల్లాలో ఎవరి అటక మీదో దొరికింది. పోయిన నెల చదివి వినిపించింది. పద్దెనిమిది వందల డెబ్బై ఎనిమిది, జనవరి తొమ్మిది నుంచి ఫిబ్రవరి రెండు దాకా, రెండిళ్లలో, కంఠసర్పితో, ఏడుగురు. గ్రేట్యె, ఆరేళ్లు. హిన్రిక్, నాలుగు. ఫ్రౌకె, రెండున్నర. మిగతా పేర్లు నేను వినలేదు, వింటున్నట్టు తల మాత్రం ఊపాను, ఏడోది పేరు పెట్టని పాప అన్నది మాత్రం వినిపించింది. నేల గడ్డకట్టి ఉంటే కట్టెలు పేర్చి మంట పెట్టి మెత్తబరిచి తవ్వారని కూడా పాస్టరు రాసుకున్నాడు. ఎక్కడ పెట్టారో మాత్రం రాయలేదు. మన తోటలోనే ఎక్కడో ఉండాలి, కానీ ఏ రాయి మీదా వీళ్ల పేర్లు లేవే అంది కొరిన్, అని నా వైపు చూసింది, గడ్డి కోసేవాణ్ని కదా, నాకు తెలియాలి కదా.

ఏ రాయి మీదా పేర్లు లేవు. అవును. చెక్కించే స్తోమత ఆ ఏడాది వాళ్లకి ఉండి ఉండదు, చేలో పేరిన గుండ్రాళ్లలోంచి ఏడు ఏరి తెచ్చి ఉంటారు, తర్వాత చెక్కించి పెడదామని, ఆ తర్వాత రాలేదు. రొట్టె అంత ఒక్కొక్కటీ. ఎర్రగా, మీద పసుపు నాచు. వద్దు, టైర్ల గురించి విను. వెనక రెండు వేస్తే సరిపోతుంది అంటున్నాడెవడో, ముందు టైర్లు పేలితే ట్రక్కు ఎటు పోతుందో నీకు తెలుసా అంటున్నాడు ఇంకొకడు, గొడవ నవ్వుల్లోకి దిగింది, నేను కూడా నవ్వాను, నా నవ్వు మిగతావాళ్ల నవ్వు కంటే కొంచెం ఆలస్యంగా ఆగింది. చెవులు వేడెక్కాయి. చిన్నప్పటి నుంచీ నాకు ముఖం ఎర్రబడదు, చెవులే, మా అమ్మ ఆ సంగతి కనిపెట్టి అబద్ధం ఆడినప్పుడల్లా నా ముఖం వదిలేసి చెవుల వైపు చూసేది. అందుకేనేమో ఇంట్లో కూడా టోపీ తీయను. మార్లిస్‌కి ఈ సంగతి ఎవరు చెప్పారో, పెళ్లయిన మొదటి ఏడే ఆమె కూడా నా చెవుల వైపు చూడటం మొదలుపెట్టింది.

రెండు వారాల కిందట తోటలో నా చెవులు చూసినవాళ్లు ఎవరూ లేరు, టోపీ కూడా ఉంది. కొరిన్ పోరు పడలేక డార్విన్ రెండు తీగలు పట్టుకొచ్చాడు, బట్టలు తగిలించే హ్యాంగర్లని విప్పి వంచినవి, వాళ్ల నాన్న ఇలాంటి తీగలతోనే బావులకి నీళ్లెక్కడో చూసేవాడు, సమాధులు కూడా చూసేవాడు, చేతుల్లో రెండు తీగల్నీ వదులుగా పట్టుకుని నడిస్తే కింద ఎవరైనా ఉన్నచోట అవి ఒకదాన్నొకటి దాటుతాయట. నాకు అందులో నమ్మకం లేదు. ఇప్పుడు కూడా లేదు. డార్విన్ ఉత్తరపు మూలలో అడుగులో అడుగు వేస్తూ నడిచాడు, తీగలు దాటాయి, విడిపోయాయి, మళ్లీ దాటాయి. నేను లెక్కపెట్టడం లేదు. ఐదో ఆరో అయ్యాక డార్విన్ ఆగి, ఒరే, ఇటు చూడరా, అన్నాడు, వాడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది. అప్పుడు నేను అన్నాను, అది కింద పాత నీటి గొట్టం లేరా, మీ నాన్న తీగలకి నీళ్లంటే ఇష్టం కదా. ఎంత సహజంగా వచ్చిందో ఆ మాట. ముందుగా తయారు చేసుకున్నది కాదు, నాలుక కింద నలభై రెండేళ్లు దాక్కుని ఉన్నట్టు వచ్చింది. డార్విన్ నన్ను నమ్మాడు. తీగల్ని చుట్టి జేబులో పెట్టుకున్నాడు, నువ్వుండబట్టి సరిపోయిందిరా, లేకపోతే టీచరమ్మకి పిచ్చి ఆశ పెట్టేవాణ్ని అన్నాడు. ఆ మూలలో నీటి గొట్టం లేదు. ఎప్పుడూ లేదు.

నాకు తెలియదు అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ముప్పై ఒక్క ఏళ్ల వాణ్ని, బ్యాంకు వాళ్లు పొలం మీద కన్నేసిన రోజులు, ఒక్కో కోతకి ఇంత అని టౌన్‌షిప్ ఇచ్చేది, ఆ మూలకి వెళ్లినప్పుడల్లా బ్లేడు రాయికి తగిలేది, ఆ చప్పుడు పళ్లలో దిగేది, ఒక ఏడాదిలో మూడు బ్లేడ్లు, కూలి డబ్బు వాటికే సరి. చేలో ఉండే రాళ్లు, తీసేశాను. అందరూ తీసేవాళ్లే. గడ్డి సాఫుగా ఉండాలి కదా, బల్ల మీద పచ్చటి గుడ్డ పరిచినట్టు. ఇలా చెప్పుకుంటే బాగానే ఉంటుంది, నాకు నేను ఇలాగే చెప్పుకుంటూ వచ్చాను, ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు. కానీ ఆ రోజు ఆదివారం. అక్కడ నా కథ కుంటుతుంది. చేలో రాళ్లే అయితే శనివారం తీయవచ్చు, సోమవారం తీయవచ్చు. మార్లిస్‌తో ఒంట్లో బాగాలేదని చెప్పి, ఆమెనీ పాపనీ చర్చికి పంపి, ట్రైలరు తగిలించుకుని వెళ్లాను. గునపంతో పైకి ఎత్తుతూ ఉంటే ట్రాక్టరు ఇంజను ఆపేశాను, చప్పుడు లేకుండా, అప్పుడు మైలు దూరం నుంచి మా కొత్త చర్చి కిటికీల్లోంచి పాట వినిపించింది, జూన్ నెల, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, అందరూ కలిసి పాడుతున్నారు, ఆ గొంతుల్లో నా భార్య గొంతు కూడా ఉంటుంది కదా అనుకున్నాను. ఒక రాయికీ ఇంకో రాయికీ మధ్య రెండడుగులు. అన్నీ ఒకే వరుసలో, చదును ముఖం తూర్పుకి పెట్టి. నా చేల నిండా రాళ్లే, వరుసలో నిలబడే రాయిని నేను ఎక్కడా చూడలేదు. చివరిది అన్నిటికంటే చిన్నది, ఒక్క చేత్తో లేచింది. అది ఒక్క చేత్తో లేచినప్పుడు నేను దాన్ని వెంటనే ట్రైలరులో వేయలేదు. కాసేపు పట్టుకున్నాను. ఆ కాసేపట్లో నాకు ఏం తెలుసు.

ఎక్కడివి ఇవి, అంది మార్లిస్. వాగులోవి, అన్నాను. ఒక రాయి తిప్పి చూసింది, బొటనవేలితో పసుపు నాచు గీకింది, వాగు రాళ్లకి ఇలాంటి నాచు పట్టదే అంది, నా చెవుల వైపు చూసింది, ఇంకేమీ అడగలేదు. పెరట్లో పియనీ పూలమొక్కల చుట్టూ అంచుగా పేర్చింది. ఏటా మే చివరి సోమవారం, పోయినవాళ్లకి పూలు పెట్టే రోజు, ఆ రాళ్ల మధ్య పూసిన పియనీలే కోసి, కాఫీ డబ్బాలకి వెండి కాగితం చుట్టి, నీళ్లు పోసి, హార్మ్స్ తోటలో పేరున్న ప్రతి రాయి దగ్గరా పెట్టేది. చివరగా ఒక డబ్బా ఎప్పుడూ మిగిలేది. దాన్ని తీసుకెళ్లి ఉత్తరపు మూలలో, ఏమీ లేని చోట, గడ్డిలో పెట్టి వచ్చేది. అక్కడ ఎందుకు అంటే, ఖాళీగా ఉంది కదా పాపం, అనేది. మర్నాడు కోత ముందు నేనే ఆ డబ్బా తీసి పక్కన పెట్టేవాణ్ని. ఏడాదికి ఒక డబ్బా మిగలడం, ప్రతి ఏడాదీ. నా భార్యకి లెక్క తప్పుతోందని అనుకునేవాణ్ని. ఆమె విత్తనాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి నాటే మనిషి. ఇప్పుడు, ఈ నూనె మరక చూస్తూ, నాలుగేళ్లుగా ఆమె లేదు, నాలుగేళ్లుగా ఆ మూలలో డబ్బా లేదు, ఇప్పుడు తెలుస్తోంది, ఆమె నా కోసం కాచుకుని కూర్చుంది. ఒక్క మాట అంటానేమోనని ముప్పై ఎనిమిది మే నెలలు కాచుకుంది. అడిగితే అబద్ధం చెబుతానని తెలిసి అడగలేదు, నాకు ఇంకో అబద్ధం భారం కాకూడదని. ఇలా తలచుకుంటే కాళ్ల కింద నేలలోకి పోవాలనిపిస్తోంది.

“సరే, వెనకవి రెండూ. ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తండి,” అంటున్నాడు డార్విన్. “అయింది. ఇప్పుడు సమాధుల తోట. రాడ్, నీ మాట నువ్వే చెప్పు.”

రాడ్ లేచాడు, టోపీ చేత్తో పట్టుకున్నాడు. “కొత్తగా చెప్పేదేముంది సార్. వెర్లిన్ గారు ఇన్నాళ్లూ చూసుకున్నారు. ఆయన తర్వాత కోసేదెవరో చెయ్యెత్తండి.” చుట్టూ చూశాడు. “చూశారా, అందరికీ ఒక్కసారిగా ఎవరి బూట్లు వాళ్లకి ముద్దొచ్చేశాయి.”

నవ్వారు. డార్విన్ అందుకున్నాడు. “మా వెర్లిన్‌గాడితో పోటీయా? వీడు గడ్డి ఎంత పొట్టిగా కోస్తాడంటే, పాపం కిందున్నవాళ్లకి చలేస్తుంది.”

“డార్విన్, జోకులు కొంచెం నెమ్మదిగా వెయ్యి, నేను రాసుకోవాలి,” అంది కొరిన్. మళ్లీ నవ్వులు. ఆమె నవ్వలేదు. గోధుమరంగు పుస్తకం మీద చెయ్యి వేసింది. “ఓటుకి ముందు ఒక్క సంగతి. ఈ పిల్లలు ఏడుగురూ ఆ తోటలోనే ఉండాలి. చేలో కలిపేస్తే ఇంక వెతకడానికి కూడా ఉండదు. వెర్లిన్, ఆ నేల మీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఉత్తరపు మూలలో ఎప్పుడైనా, ఎలాంటి రాయైనా ఉండేదా?”

“చెప్పాడు కదా, అక్కడున్నది నీటి గొట్టం,” అన్నాడు డార్విన్.

“నేను వెర్లిన్‌ని అడిగాను.”

వేలితో బల్ల మీద రెండుసార్లు. లేదు అంటే సరిపోతుంది, చిన్న మాట, పదకొండు రాళ్లు నిలబడతాయి, కొత్త కంచె వస్తుంది, పదేళ్ల కోత, గోడ మీద నేను అలాగే నవ్వుతూ ఉంటాను, లేదు అనడానికి నోరు తెరిచాను కూడా. కప్పు నేల మీద పెట్టాను. టోపీ తీశాను. ఎందుకు తీశానో నాకు తెలియదు, అందరూ చూస్తున్నారు, చెవులు ఎలా ఉన్నాయో నాకు తెలుస్తూనే ఉంది, మంట పెట్టినట్టు.

“ఏడు,” అన్నాను. “వరుసగా. గొట్టం లేదక్కడ. బ్లేడ్లు పాడవుతున్నాయని నేనే తీసేశాను.”

వాన రేకుల పైకప్పు మీద పడుతోంది, ఇంతసేపూ పడుతూనే ఉంది కాబోలు, ఇప్పుడు వినిపించింది. రాడ్ కూర్చున్నాడు, మోకాలు ఊపడం ఆపాడు. అప్పుడు డార్విన్ గొంతు సవరించుకున్నాడు, వాడి గొంతులో జాలి వినిపించింది, నేను భయపడ్డది దానికే.

“అప్పట్లో అందరూ తీసేసేవాళ్లేరా. మా నాన్న తీయలేదా, ఊళ్లో సగం మంది తీయలేదా. చేలో రాయా, మనిషి రాయా ఎవరికి తెలుసు? నీకేం తెలుసు పాపం.” కొరిన్ వైపు తిరిగాడు. “రాళ్లు దొరికాయి, ఓటు వాయిదా అని రాసుకోమ్మా. వీడు తీశాడన్నది పుస్తకంలో ఎక్కించకు. నలభై రెండేళ్లు ఊరికే కోశాడు మనిషి.”

“వెర్లిన్ గారూ, అవి ఇప్పుడు ఎక్కడున్నాయి?” అన్నాడు రాడ్, మెల్లగా.

“మా ఇంట్లో. మార్లిస్ పియనీల చుట్టూ.” టోపీ మోకాలి మీద పెట్టుకున్నాను. “ఏది ఎవరిదో చెప్పలేను. చిన్నది మాత్రం తెలుసు. అది చివరిది.”

“రేపు నా బండి తెస్తాను,” అన్నాడు రాడ్, నేల వైపు చూస్తూ. “చేనెలాగూ తడిగానే ఉంటుంది.”

కొరిన్ కలం కాగితం మీద ఆగి ఉంది, రాయడం లేదు, కొట్టేయడం లేదు. వీళ్లు నన్ను వదిలేస్తున్నారు, ఎంత మంచివాళ్లు, తెలియక చేశాడనే దుప్పటి తెచ్చి కప్పుతున్నారు, అది వెచ్చగా ఉంది, నలభై రెండేళ్లుగా నేను నాకు కప్పుకున్నదే, కాస్త ఊరుకుంటే ఇంక ఎప్పటికీ నాదే. ఒక్క చేత్తో లేచిన రాయి. ట్రైలరులో వేయడానికి ముందు ఆ కాసేపు.

“తీసింది నేనని రాయండి,” అన్నాను. “ఆదివారం అని కూడా రాయండి.”

డార్విన్‌కి అర్థం కాలేదు. “ఆదివారమైతే ఏమిట్రా?”

కొరిన్‌కి అర్థమైంది. తల ఎత్తి నన్ను చూసింది, ముఖం వదిలేసి, పక్కకి, చెవుల వైపు. తర్వాత కాగితం మీదకి వంగింది.

“ఎన్ని గంటలకి?” అని అడిగింది.

“చర్చి వేళకి.”

ఆమె రాసింది.